గుడి అన్నందుకు నిలిచింది

చంద్రగిరిలో బస్సు దిగినవాళ్ళందరూ కోట వైపు నడిచారు. నేనొక్కణ్ణే ఆటోల దగ్గర నిలబడి మల్లయ్యగారిపల్లెకు ఎంత అని అడిగితే డ్రైవరు నన్ను ఎగాదిగా చూశాడు. "ఆడ మీకెవురుండారు సార్?" అన్నాడు. ఎవరూ లేరు, గుట్ట మీద పాండవుల గుళ్ళు చూడాలన్నాను.

"గుడి అంటే గోపురం ఉంటాదనుకోవద్దు సార్. నాలుగు బండలే. చూసినాక నన్ను తిట్టగూడదు" అని ముందే షరతు పెట్టి బండి తీశాడు.

ఆ నాలుగు బండల కోసమే తిరుపతి నుంచి వచ్చాను. వాటికి చరిత్ర పుస్తకాల్లో ఉన్న పేరు డోల్మెన్. నిలువు బండల మీద కప్పు బండ పరిచి కట్టిన సమాధి. దక్షిణాదిలో ఇనుము వాడకం మొదలైన కాలంలో, క్రీస్తుకు వెయ్యేళ్ళ ముందు నుంచి క్రీస్తు శకం తొలినాళ్ళ దాకా, ఇలాంటివి వేలకు వేలు లేచాయి. బృహత్ శిలాయుగం అని పెద్ద పేరు పెట్టారు గానీ, ఆ కాలం వాళ్ళ ఇళ్ళు మనకు దాదాపు దొరకలేదు. బతికినన్నాళ్ళు మట్టితో, కొమ్మలతో వేసుకున్న గుడిసెలో ఉండి, పోయినాక మాత్రం కదలని రాతి ఇంట్లోకి చేరారు. ఈజిప్టువాళ్ళదీ అదే లెక్క. నైలు ఒడ్డున రాజుల మేడలు కూడా పచ్చి ఇటుకలవే, కరిగిపోయాయి. కొండల్లో తొలిచిన సమాధులు నిలిచాయి.

నాకు ఈ పిచ్చి అంటించింది కూడా ఈజిప్టే. హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లో ఉన్న మ్యూజియంలో ఒక మమ్మీ ఉంది. నైషు అనే యువతిది అంటారు. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ కొని తెచ్చిన ఆ దేహం 1930లో మ్యూజియానికి చేరింది. 2016లో దాన్ని గాలిలోని ప్రాణవాయువు తగలకుండా నత్రజని నింపిన పెట్టెలో ఉంచారు. ఆ అద్దం ముందు నిలబడి, ఎక్కడి ఈజిప్టు, ఎక్కడి హైదరాబాదు, ఎంత జాగ్రత్త అనుకున్నాను. ఆ వెంటనే ఇంకో ఆలోచన వచ్చింది. మా చిత్తూరు జిల్లా గుట్టల మీద ఆమె కంటే పాతవాళ్ళు పడుకుని ఉన్నారు కదా, వాళ్ళ సంగతేమిటి? ఆ ప్రశ్నను జేబులో పెట్టుకుని చాలా ఏళ్ళు తిరిగాను. కార్తీక మాసంలో ఒక మూడు రోజులు వీలు చిక్కింది.

ఊరి చివర ఆటో ఆగింది. చెనిక్కాయలు పెరికిన కయ్యల గెనిమల మీదుగా పోయి గుట్ట మొదట్లోకి చేరాను. దారి అంటూ ఏమీ లేదు, మేకలు నడిచిందే దారి. సీతాఫలం చెట్లు, కలేకాయ ముళ్ళు, మధ్యలో ఏనుగు వీపుల్లా నున్నటి బండలు. ఎక్కే కొద్దీ ఒక సంగతి అర్థమైంది. ఈ సమాధి కట్టినవాళ్ళు రాయి కోసం ఎక్కడికీ పోలేదు. ఇక్కడి నల్లరాయి ఎండకూ వానకూ ఉల్లి పొరల్లా విచ్చుకుంటుంది. పగులు ఉన్న చోట మంట వేసి నీళ్ళు కొడితే పలక లేస్తుంది. మొన్న మొన్నటి దాకా మన వడ్డెరలు చేసింది కూడా ఇదే పని.

పైన అది ఒంటరిగా ఉంది. మూడు పక్కల నిలువు బండలు, వాటి మీద పెద్ద కప్పు. నడుం వంచితే తప్ప లోపలికి చూడలేం. లోపల చీకటికి కళ్ళు అలవాటు పడ్డాక రాతి మీద ఎర్ర రంగు బొమ్మల ఆనవాళ్ళు కనిపించాయి. చుట్టూ ఇలాంటివి ఇంకా ఉండేవని, ఒకటొకటే పడిపోయాయని, పడగొట్టారని కింద ఊళ్ళో చెప్పారు. మిగిలింది ఇదొక్కటే.

నేను మోకాళ్ళ మీద వంగి, తల లోపలికి దూర్చి ఫోన్ లైటు వేశానో లేదో, వెనక నుంచి గొంతు వినబడింది.

"చెప్పులిడిసి చూడు నాయినా. దేవుడి కాడ చెప్పులేంది?"

తిరిగి చూస్తే ఒక అవ్వ. చేతిలో సన్నటి కట్టె, వెనక ఏడెనిమిది మేకలు. గబగబా చెప్పులు తీసి పక్కన పెట్టాను. ఆమె ముఖంలో కోపం తగ్గి ఆరా మొదలైంది.

"యాడినుంచి వచ్చినావు?"

"తిరుపతి నుంచి అవ్వా. ఇదేం గుడి?"

"పాండవులది. అడివికి పోయినప్పుడు ఈడే ఉండినారంట. భీముడు ఒక్కడే ఆ పై బండ ఎత్తి పెట్టినాడంట. మా అవ్వ చెప్పేది."

"మరి లోపల దేవుడు లేడే?"

"వాళ్ళు పోయినారు కదా. ఇల్లు మిగిలింది" అంది, నా బుద్ధికి జాలిపడుతున్నట్టు.

నిజం చెప్పాలంటే నాలుక చివరి దాకా వచ్చింది, అవ్వా ఇది గుడి కాదు, సమాధి అని. ఆ కాలంవాళ్ళు చాలా చోట్ల శవాన్ని ముందు బయట వదిలి, ఎండి ఎముకలయ్యాక ఏరి తెచ్చి కుండల్లోనో తొట్టిలోనో పెట్టి, పక్కన తిండీ పనిముట్లూ ఉంచి మూసేవాళ్ళని, కొన్నింట్లో ఎముకలే దొరకవని, అవి ఉత్త గుర్తుగా కట్టినవి కావచ్చని, చదివిందంతా అప్పజెప్పేద్దామనిపించింది. ఎందుకో ఆగాను. మన పల్లెల్లో గుడికి పోయొస్తే పుణ్యం, సమాధి కాడికి పోయొస్తే మైల, తలకు పోసుకోవాలి. ఈ అవ్వ, ఆమెకు చెప్పిన అవ్వ, ఆ పైన ఇంకెందరో అవ్వలు, ఇది పాండవుల ఇల్లు అనుకున్నందుకే కదా ఆ కప్పు బండ ఎవరి గడపకో గుమ్మంగా పోకుండా ఇక్కడ నిలబడి ఉంది. నా పుస్తక జ్ఞానం చెప్పి నేను కాపాడేదేమిటి? నోరు మూసుకుని, ఆమె ఇచ్చిన రెండు సీతాఫలాలు తిని గుట్ట దిగాను.

పాండవుల గుడి అనే ఈ పేరు నిన్నా మొన్నా పుట్టింది కాదు. మద్రాసు సైన్యంలో న్యూబోల్డ్ అనే కెప్టెన్ ఉండేవాడు. రాళ్ళన్నా గనులన్నా ప్రాణం ఆయనకు. చిత్తూరు దగ్గరి ప్రాచీన సమాధులను చూసి ఆయన రాసిన వ్యాసం లండన్‌లోని రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో 1852లో అచ్చయింది. అప్పటికి ఆయనే పోయి రెండేళ్ళయింది. ఆ వ్యాసం శీర్షికలో ఆ చోటికి ఆయన రాసిన పేరు 'పాండువారం దేవల్'. పక్కనే సమాధులు అనీ రాశాడు, స్థానికులు చెప్పిన దేవళం అనే మాటనూ వదలలేదు. పాండవుల దేవళమే ఇంగ్లీషు నోట్లో అలా తిరిగిందని నా అనుమానం. ఆ రోజుల్లో మన చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడింది, 2022లో తిరుపతి జిల్లా విడిపోయింది. జిల్లాల పేర్లు ఇన్నిసార్లు మారినా గుట్ట మీది పేరు మాత్రం మారలేదు.

మరుసటి రోజు చిత్తూరు దారి పట్టాను. కాశిపెంట్ల దాటాక రోడ్డుకు రెండు వైపులా మామిడి తోటలే. తోతాపురి. ఈ తోటలు వచ్చి జిల్లా పది మందికి అన్నం పెట్టింది, కాదనను. కానీ మామిడి మొక్క నాటేది ఎక్కువగా మెట్ట భూమిలో, గుట్ట వాలులో. మూడు వేల ఏళ్ళ కిందట సమాధులకు ఎంచుకున్నదీ అచ్చం అలాంటి నేలనే. పంటకు పనికిరాని రాతి నేల, ఊరికి దూరం, నీళ్ళ చెరువుకు దగ్గర. బుల్‌డోజరుకూ పూర్వీకులకూ ఒకే చోటు నచ్చింది.

ఐరాల వైపు ఒక పల్లెలో టీ అంగట్లో కూర్చుని రాతి గూళ్ళ సంగతి కదిపితే, ట్రాక్టరు నడిపే కుర్రాడు వెంటనే "రాకాసి గూళ్ళా అన్నా?" అని లేచాడు. బండి మీద ఎక్కించుకుని తీసుకుపోయాడు. వంక దాటి, ఒక మిట్ట మీద ఆపాడు. చూడగానే ఉసూరుమనిపించింది. వృత్తంగా పేర్చిన గుండ్లలో సగం లేవు. నడుమ గొయ్యి. పెద్ద పలక ఒకటి రెండు ముక్కలై వాలి ఉంది.

"రాత్రిళ్ళు వచ్చి తవ్వినారన్నా. లోపల బంగారం ఉండాదని ఎవురో చెప్పినారంట. నిమ్మకాయలు కూడా కోసి పోయినారు."

"దొరికిందా?"

"ఏం దొరుకుతాది? కుండ పెంకులు" అని కాలితో ఒక కుప్ప చూపించాడు.

వంగి ఒక పెంకు తీశాను. బయట ఎరుపు, లోపల నలుపు, ఎంత నున్నగా ఉందంటే వేలు జారుతుంది. ఇదే ఆ కాలం సంతకం. దక్షిణాది బృహత్ శిలాయుగపు సమాధుల్లో సామాన్యంగా దొరికేవి ఇవీ, ఇనుప కత్తులూ కొడవళ్ళూ బాణపు మొనలూ, కెంపురంగు రాతి పూసలూను. బంగారం ఎక్కడో అరుదుగా, ఆవగింజంత. నిధి కోసం తవ్వేవాడికి ఈ మాట చెప్పినా నమ్మడు. మంత్రగాడు చెప్పింది నమ్ముతాడు.

ఒప్పుకుంటున్నాను, ఆ పెంకును సంచీలో వేసుకోవాలని చేయి లాగింది. బల్ల మీద పెట్టుకుంటే ఎంత బాగుంటుంది! కానీ అది ఆ గొయ్యిలో, ఆ మట్టిలో ఉన్నంతసేపే సాక్ష్యం. ఏ కుండ ఏ ఎముక పక్కన ఉంది, ఏ పొర మీద ఏ పొర ఉంది అన్నదే చదవాల్సిన రాత. కదలని మట్టి దొరికితే, బొగ్గు ముక్క దొరికితే, దాని వయసు లెక్కగట్టే పద్ధతులున్నాయి. 1947లో కర్ణాటకలోని బ్రహ్మగిరిలో మార్టిమర్ వీలర్ తవ్వినప్పుడు దక్షిణ భారత చరిత్రకు కాలక్రమం దొరికింది అలాంటి పొరల వల్లే. నా బల్ల మీద పెట్టుకుంటే అది ఉత్త పెంకు. తీసిన చోటే పెట్టేశాను.

గుడి అన్న చోట చెప్పులు విడుస్తున్నారు, రాకాసి గూడు అన్న చోట పలుగులు తెస్తున్నారు. ఒకే కాలం, ఒకే రాయి, ఒకే పని కోసం కట్టినవి. తేడా అంతా పిలుపులోనే ఉంది.

ఆ రాత్రి పలమనేరులో బస. మొగిలి ఘాటు ఎక్కేసరికి గాలి మారుతుంది, పలమనేరులో కార్తీకమంటే చలే. పొద్దున్నే మట్టి బొమ్మలు చేసే ఒక కుమ్మరాయన ఇంటికి పోయాను. పలమనేరు మట్టి పనికి పేరున్న ఊరు. వాకిట్లో గుర్రాలు, గణపతులు, పూలకుండీలు వరసగా ఆరుతున్నాయి. ముందు రోజు తీసిన పెంకు ఫోటో చూపించి, లోపల నలుపు, బయట ఎరుపు ఎట్ల వస్తుంది పెద్దాయనా అని అడిగాను. ఆయన ఫోన్‌ను కంటి దగ్గర పెట్టుకుని, దూరం పెట్టుకుని చూశాడు.

"బోర్లిచ్చి కాల్చినారు. మూతి కిందికి పెట్టి, లోపల ఊకో ఆకో కూరితే ఆడికి గాలి పోదు, పొగకు నల్లబడతాది. బయట గాలి తగిలిన కాడికి ఎరుపు."

పండితులు విలోమ దహనం అని పేరు పెట్టి పేజీలు రాసిన సంగతి రెండు వాక్యాల్లో తేలిపోయింది. నున్నదనం ఎట్ల వచ్చిందన్నాను. "పచ్చి మీద గుండ్రాయితో రుద్దినారు. ఓపిక ఉండాల. ఇప్పుడెవురు రుద్దతారు?" అని మళ్ళీ ఫోటో చూశాడు. "మంచి పనోడు" అన్నాడు. చేసినవాడు పోయి ఎన్ని వేల ఏళ్ళయిందో నేను చెప్పలేదు. ఆయన దృష్టిలో పక్క వీధి కుమ్మరే.

ఆ పనోడి పేరు మనకు తెలియదు. ఈజిప్టు సమాధులకూ మన వాటికీ పెద్ద తేడా ఇక్కడే. లక్సర్‌కు పడమటి ఒడ్డున ఉద్యోగులు, లేఖకులు, పూజారులు తమ కోసం తొలిపించుకున్న సమాధులు నాలుగు వందలకు పైగా లెక్కకెక్కాయి. రాజులవి కావు, మనబోటి కుటుంబాలవి. గార్డినర్, వీగల్ అనే ఇద్దరు 1913లో వాటికి నంబర్ల పట్టిక అచ్చువేశారు. 52వ నంబరు నఖ్త్ అనే ఆయనది, ఆయన ఉద్యోగమేమిటో, భార్య పేరేమిటో గోడ మీదే ఉంది. ముగ్గురు ఆడవాళ్ళు వాయిద్యాలు పట్టుకుని నిలబడిన బొమ్మ ఆ గోడదే. ఇప్పుడు జనం ఊపిరి తగలకుండా అద్దాలు అడ్డం పెట్టారు. మన సమాధుల్లో రాత లేదు, పేరు లేదు. కుండ చేసిన చెయ్యి తప్ప ఏ మనిషీ మిగల్లేదు.

అలాగని అక్కడ అంతా భద్రంగా ఉందనుకుంటే పొరపాటు. నఖ్త్ సమాధిలో దొరికిన చిన్న విగ్రహాన్ని అమెరికాకు ఓడలో పంపితే, 1915లో జర్మన్ జలాంతర్గామి దెబ్బకు అరబిక్ అనే ఆ ఓడతో పాటు సముద్రంలో మునిగింది. నెబామున్ అనే ఇంకొకాయన సమాధి గోడలనైతే 1820 ప్రాంతంలో ముక్కలుగా కోసుకుపోయారు. ఆ చిత్రాలు బ్రిటిష్ మ్యూజియంలో వెలిగిపోతున్నాయి. సమాధి ఎక్కడుందో మాత్రం ఈ రోజుకీ తెలియదు. గోడలు దొరికి ఇల్లు పోయింది! ఇక ఆ కొండ మీద సమాధుల పైనే ఇళ్ళు కట్టుకుని బతికిన కుర్నా గ్రామాన్ని ఈ శతాబ్దం మొదట్లో ఖాళీ చేయించి ఇళ్ళు కూల్చారు. సమాధులు దోచింది వాళ్ళే అన్నారు, తరతరాలు వాటికి కాపలా ఉన్నదీ వాళ్ళే అన్నారు. రెండూ నిజమే అయివుంటాయి.

మూడో రోజు బాపనత్తం పోయాను. ఆ ఊరి శివారు ఇరులబండ దగ్గరి సమాధుల క్షేత్రం కేంద్ర పురావస్తు శాఖ రక్షిత జాబితాలో ఉంది. మల్లయ్యగారిపల్లెలో ఒకటే చూసిన కళ్ళకు ఇది ఒక పేట. చిత్తూరు ప్రాంతపు కట్టడానికి ఒక ప్రత్యేకత ఉంది. నడిమి గది చుట్టూ పలకలను నిలబెట్టి వలయాలుగా పేరుస్తారు. వాటిలో కొన్నింటి తల చదును, కొన్నింటి తల గుండ్రంగా చెక్కినది. దూరం నుంచి చూస్తే మనుషులు భుజం భుజం ఆనించి నిలబడినట్టుంటుంది. గది గోడల సంగతి ఇంకా ముచ్చట. నాలుగు పలకలూ మూలల్లో ఒకదాన్నొకటి దాటి స్వస్తికంలా ఒరుసుకుంటాయి. బయటి మట్టి ఎంత నొక్కినా ఏ పలకా లోపలికి పడదు, పక్కది పట్టుకుంటుంది. సున్నం లేదు, మేకు లేదు. ఒక పలకకు గుండ్రటి కంత. ఎముకలు లోపలికి అందించడానికో, ఆత్మ రాకపోకలకో, ఎవరి ఊహ వారిది. ఆ కంత అంచు మీద వేలు తిప్పాను, ఎక్కడా గరుకు తగల్లేదు.

ఇంత తెలివిగా కట్టినదాన్ని కాపాడడానికి మనం చేయాల్సింది చాలా తక్కువ, చేయకూడనిది చాలా ఎక్కువ. వాలిన పలకను సిమెంటుతో నిలబెట్టకూడదు. సున్నమే ఎరగని కట్టడానికి సిమెంటు పెడితే ఒరుసుకునే గుణం పోతుంది. లోపలి మట్టిని శుభ్రం పేరుతో ఎత్తిపోయకూడదు. పలకల సందుల్లో మొలిచిన రావి మొక్కను మాత్రం చిన్నప్పుడే తీసెయ్యాలి. ఒక్కో సమాధికీ నంబరిచ్చి, కొలిచి, ఫోటో తీసి పెట్టాలి. 1913లో లక్సర్‌లో చేసిన పని అదే. 1958 నాటి కేంద్ర చట్టానికి 2010లో తెచ్చిన సవరణ ప్రకారం రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త కట్టుబడి నిషేధం, ఆపైన మరో 200 మీటర్ల దాకా అనుమతి తప్పనిసరి. కానీ ఆ గీత జాబితాలో ఉన్నవాటికే. జాబితా బయట ఉన్న గుట్టకు అవ్వ చేతిలోని కట్టే దిక్కు.

ఇరుగు పొరుగు రాష్ట్రాల్లో కదలిక కనిపిస్తోంది. కర్ణాటకలో కొప్పళ జిల్లా హిరేబెణకల్ సమాధులు 2021లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి. తెలంగాణలో కృష్ణ ఒడ్డున ముడుమాల్ నిలువురాళ్ళు 2025లో ఎక్కాయి. మన చిత్తూరు పలకల వలయాలు వాటికి ఏ మాత్రం తీసిపోవని నా నమ్మకం. రోజూ వేల మందిని తిరుమలకు తీసుకొచ్చే బస్సుల్లో పదో వంతు కూడా అక్కర్లేదు. పది మంది విద్యార్థులతో ఒక కాలేజీ బస్సు నెలకొకసారి వచ్చినా పలుగులు పట్టుకొచ్చేవాళ్ళు వెనకాడతారు.

తిరుగు ప్రయాణంలో బస్సు చంద్రగిరిలో ఆగినప్పుడు కిటికీలోంచి గుట్టల వైపు చూశాను. ఏ గుట్టో గుర్తుపట్టలేకపోయాను, అన్నీ ఒకటిగానే ఉన్నాయి.

వెళ్ళాలనుకునేవాళ్ళకు రెండు మాటలు. పెంకులు ఏరకండి, రాతి మీది ఎర్ర బొమ్మలను తడి చేత్తో తుడవకండి. కొత్తచోట ఎక్కడైనా రాతి గూడు కనిపిస్తే, ఫోటోతో పాటు సర్వే నంబరు రాసి తహసీల్దారు కార్యాలయంలో ఇవ్వండి. మల్లయ్యగారిపల్లెకు పోయేటట్టయితే పొద్దున పది లోపే ఎక్కండి, ఆ తర్వాత బండ కాలుతుంది. పైన చెప్పులు విడవాలి.